ఫోన్ పెట్టెయ్యకండి

ఇంగాకి డాక్టరవ్వాలని పిచ్చి. అయినా డిగ్రీ కాగానే మెడికల్ కాలేజీకి పోకుండా, ఏడాది ఆగి అమెరికాలోని మా డులూత్ ఊళ్లో అంబులెన్స్ ఎక్కింది. "పుస్తకంలో రక్తం వేరు, చేతికంటిన రక్తం వేరు. తట్టుకుంటానో లేదో ముందు చూసుకోవాలి" అంది మొదటిరోజే. నాకప్పుడే నచ్చేసింది. పైకి మాత్రం, "ముందు బండి కడగడం తట్టుకో" అన్నాను. నేను డోరీన్‌ని. ఇరవైరెండేళ్లు అత్యవసర ఫోన్లు ఎత్తి, ఇప్పుడు బండి తోలుతున్నాను.

ఇంగా పద్నాలుగు కాలేజీలకు దరఖాస్తు పెడితే ఇంటర్వ్యూకి పిలిచింది ఒక్కటే. సీటిస్తే అక్కడి డీన్ స్వయంగా ఫోన్ చేస్తుందట. అక్టోబరు పదిహేను నుంచి ఆ ఫోన్లు మొదలు. ఆరోజు పొద్దుట్నుంచీ పిల్ల కాలు ఒకచోట నిలవలేదు. డ్యూటీలో ఉన్నంతసేపూ ఫోన్ బండి అరలోనే ఉండాలని మా కట్టుబాటు.

"మోగితే ముట్టుకోకు, డోరీన్. ఆ మాట నేనే వినాలి."

"ముట్టుకోనే తల్లీ, పో."

మధ్యాహ్నం మెట్లమీంచి పడ్డ ఒక తాతను ఆసుపత్రిలోకి తీసుకెళ్లింది. నేను బండి తుడుస్తుంటే అరలో ఇంగా ఫోన్ మోగింది. చెయ్యి దానంతటదే ఎత్తేసింది, నోరు దానంతటదే అనేసింది.

"అత్యవసర సేవలు. ఎక్కడున్నారు? మనిషికి ఊపిరాడుతోందా?"

"ఆడుతోందండీ. నేను మెడికల్ కాలేజీ డీన్‌ని. ఇంగాకేమైనా అయిందా?"

"నిక్షేపంగా ఉందమ్మా! దెబ్బ తగిలినాయన్ని లోపలికి తీసుకెళ్లింది."

"అయితే రేపు చేస్తాలెండి."

రేపా! అప్పటిదాకా ఈ పిల్ల ఆగుతుందా? ఇరవైరెండేళ్లు నేను చేసిన పని ఒక్కటే: సాయం అందేదాకా అవతలివాళ్లను లైనులోంచి పోనివ్వకపోవడం.

"ఫోన్ పెట్టెయ్యకండి! నాతో మాట్లాడుతూనే ఉండండి!" అని అరుస్తూ పరిగెత్తాను. మోకాలు మొర్రోమంది. "భోజనం చేశారా? ఏం తిన్నారు?"

"సూపండీ" అంది డీన్ బెదురుగా.

ఇంగా తాతను నర్సుకు అప్పగించి గ్లవ్స్ తీస్తోంది. ఫోన్ దాని చెవికి ఆనించాను. "అవునండీ" అంది. మళ్లీ "అవునండీ" అంది. తర్వాత నా మెడ పట్టుకుని గెంతింది.

"వచ్చింది డోరీన్! సీటొచ్చింది!"

మంచం మీది తాత చప్పట్లు కొట్టాడు. నేను ఏడ్చేశాను, దాచుకోవడమెందుకు. వచ్చే వేసవికి నా పక్క సీటు ఖాళీ అవుతుందని కూడా అప్పుడే తట్టింది. అయినా నవ్వాగలేదు.

నా చేతిలోని ఫోన్ లోంచి సన్నగా గొంతు వినిపించింది.

"డోరీన్ గారూ, ఇప్పుడు పెట్టెయ్యొచ్చా?"