ఊపకండి

మా ప్రయోగశాలలో పెద్దసారుకి నేను పెట్టుకున్న పేరు ఊపుడు సారు. ఏ ట్యూబు చేతికందినా ఊపకుండా కింద పెట్టడు. పద్దెనిమిదేళ్ళుగా ఆ ట్యూబులు కడిగేది, కలిపేది, ఎక్స్‌రేలో కొలిచేది నేను. అలాంటి నా ఫైల్లో పోయిన నెల "అజాగ్రత్త" అని రాశాడు. ఆ మాట అలాగే ఉంటే వచ్చే నెల నా ఉద్యోగం ఊడినట్టే.

ఇంతకీ నా నేరమేమిటి? సబ్బు పదార్థం నీళ్ళలో పొరలు పొరలుగా పేర్చుకుంటుంది, పొరకీ పొరకీ మధ్య కాస్త నీళ్ళు. అందులో పాలిమర్ వేస్తే అది పొరల మధ్య దూరి వాటిని ఎడం చేస్తుందని సారు సిద్ధాంతం. నా కొలతల్లో పొరలు దగ్గరికి జరిగాయి. పదకొండు సార్లు కొలిచాను, పదకొండు సార్లూ అంతే. "నువ్వు ట్యూబులు సరిగ్గా కడగలేదమ్మా" అన్నాడు. నాకు ఒళ్ళు మండిపోయింది.

మా అక్కేమో, "నోర్మూసుకుని ఒప్పేసుకోవే, జీతమైనా మిగుల్తుంది" అంది. చేయని తప్పు ఎందుకు ఒప్పుకోవాలి?

ఆ మాట మీద విచారణకి ఇవాళ కమిటీ నుంచి ఒక మేడమ్ వచ్చింది. మూడు వారాలు కదపకుండా ఉంచిన ట్యూబు బల్ల మీద పెట్టాను. అందులో సరుకు రెండుగా విడిపోయి ఉంది. పైన "ఊపకండి" అని పెద్దక్షరాలతో చీటీ కూడా అంటించాను. ఏం లాభం, నేను నోరు తెరిచేలోపే సారు అందుకుని ఊపేశాడు.

"చూడండి మేడమ్, అంతా ఒకటే" అన్నాడు.

"ఊపితే ఒకటే అవుతుంది సార్. పది నిమిషాలు కూర్చోండి."

ఆయన సంగతి తెలిసే సెంట్రిఫ్యూజు ఖాళీగా ఉంచుకున్నాను. ట్యూబుని అందులో గిర్రున తిప్పి తీసి, రెండు పోలరాయిడ్ పలకల మధ్య నిలబెట్టాను; మధ్యలో పొరలుంటేనే వాటిలోంచి వెలుగు దాటుతుంది. కింద సబ్బు పొరలు తళతళా మెరిశాయి. పైన పాలిమర్ నీళ్ళు నల్లగా ఉండిపోయాయి.

"పాలిమర్ గొలుసులు పొడుగు మేడమ్, ఆ సందులో పట్టవు. బయటే ఉండి పొరల మధ్య నీళ్ళని తమవైపు లాగేసుకుంటాయి. పొరలు దగ్గరపడక ఏం చేస్తాయి?"

మేడమ్ సారు వైపు చూసింది. ఆయన గొంతు సవరించుకుని, "సరేలేమ్మా, జరిగిందేదో జరిగింది. ఆ కాగితం సంగతి మర్చిపోదాం" అన్నాడు.

రాసేది ఆయన, మర్చిపోవాల్సింది నేనూనా?

"మర్చిపోవద్దు సార్. మీ చేత్తోనే కొట్టేసి కింద సంతకం పెట్టండి" అని ఫైలు ముందుకు జరిపి పెన్ను ఇచ్చాను.

మొహం మాడ్చుకుని కొట్టేశాడు. సంతకమూ పెట్టాడు. లేచి వెళ్తూ అలవాటు కొద్దీ ట్యూబు అందుకున్నాడు. చేతిలోంచి లాగేసుకున్నాను.