ముక్కుకు రెండు దారుల నెత్తురు

ప్రొఫెసర్ వాన్ హులె పనిముట్టు కావాలంటే నోరు తెరిచి అడగడు. కళ్ళు తెర మీదే ఉంచి, కుడి అరచెయ్యి పక్కకు చాస్తాడు. అందులో ఏం పెట్టాలో నర్సుకు తెలియాలి. ముప్పై ఒక్క ఏళ్ళుగా ఆ చేతిలో పెడుతున్నది గోడెలీవ్. అది చూసి కొత్తగా వచ్చిన విద్యార్థులు ‘ఆహా, ఏం పొందిక!’ అని నోళ్ళు తెరుస్తారు. పొందికా, పాడా! రొట్టెకు వెన్న రాసి నోట్లో పెడితే నమలడం కూడా ఒక విద్యేనా అని ఆమె మనసులో అనుకుంటుంది.

గోడెలీవ్‌కు డాక్టర్లందరి మీదా చులకనే. పెద్దవాళ్ళను చూస్తే ఒక రకం చులకన, చిన్నవాళ్ళను చూస్తే ఇంకో రకం. చదవేస్తే ఉన్న మతి పోయిందన్న మాట ఈ ఆసుపత్రిని చూసే పుట్టి ఉంటుందని ఆమె నమ్మకం. పైకి ఒక్క ముక్క అనేది కాదు. దూది మడతపెట్టే తీరు చూస్తే చాలు, తెలిసిపోయేది.

శుక్రవారం వస్తే ఆ చులకన రెండింతలయ్యేది. ఆ రోజు ప్రత్యేక క్లినిక్కు. ‘ముక్కులో గడ్డా? ఈ రోజే చూస్తాం, ఈ రోజే చెబుతాం’ అని వరండా పొడుగునా బొమ్మలు అంటించారు. బొమ్మలో అక్షరాల కంటే ప్రొఫెసర్ పళ్ళే పెద్దవి. పొద్దున్నే స్కాన్ తీస్తారు. పదిన్నరకు ఆయన గొట్టం కెమెరా పెట్టి చూసి, అక్కడికక్కడే గడ్డలోంచి చిన్న ముక్క గిల్లి పరీక్షకు పంపుతాడు. సాయంత్రానికి మాట చెప్పేస్తాడు. ఇందులో వింత ఏమిటంటే, పొద్దున తీసిన స్కాన్‌ను ఆయన ముక్క గిల్లిన తర్వాతే చూస్తాడు. “ముందే బొమ్మ చూస్తే కన్ను లంచం తిన్నట్టే. ముందు నేను చెబుతాను, తర్వాత యంత్రం ఒప్పుకుంటుంది” అంటాడు. విద్యార్థులు ఆ మాట పుస్తకాల్లో రాసుకుంటారు. అలాంటిది రాసుకోవడానికి యూనివర్సిటీ దాకా రావాలా?

ఫ్లాండర్స్‌లో ఆ ఆసుపత్రి ఉన్న ఊరు కుర్చీలకూ బీరువాలకూ పేరు. మూడు తరాలుగా ఓక్, బీచ్ అనే చెట్ల చెక్క రంపపు పొట్టు పీల్చిన ఊరు. ఆ పొట్టు ముక్కు పైభాగంలో ఏళ్ళ తరబడి పేరుకుని కొందరికి క్యాన్సర్ తెస్తుందని రొట్టెల కొట్టు ఆవిడకు కూడా తెలుసు. అందుకే వడ్రంగి ఎవడైనా ఒక పక్క ముక్కు పట్టుకుని లోపలికొస్తే ప్రొఫెసర్ గుమ్మం దగ్గరే తీర్పు చెప్పేసేవాడు. నూటికి తొంభై నిజమయ్యేది కూడా. ఆ తొంభై వల్లే మనిషి పాడైపోయాడు. మిగిలిన పదిమంది విషయంలో తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళు.

ఆ పదిమందిలో ఒకణ్ణి గోడెలీవ్ మరిచిపోలేదు. పదకొండేళ్ళ కిందటి లారీ డ్రైవరు. పైకి మామూలు గడ్డే, లోపల అంతా నెత్తురు నాళాలు. గిల్లగానే ఆ నెత్తురు పైన వేలాడే దీపం దాకా ఎగిరింది. ఏడు సంచుల రక్తం ఎక్కించినా మూడో వారానికి పోయాడు. ‘రోగం ముదిరి’ అని రాశారు కాగితంలో. దీపం తుడిచింది మాత్రం గోడెలీవ్. ముక్కుకు నెత్తురు రెండు దారుల్లో వస్తుందని ఆమె ఆ రోజు తర్వాతే నేర్చుకుంది. ఒకటి దవడ వెనకగా వచ్చే నాళం. దాన్ని తొడలోంచి సన్నని గొట్టం పంపి ముందే మూసెయ్యొచ్చు. రెండోది మెదడుకు పోయే పెద్ద నాళంలోంచి చీలి, కంటి పక్కగా దిగేది. దాన్ని అలా మూస్తే కన్ను పోతుంది. ఏ గడ్డ ఏ దారిన ఎంత తాగుతోందో స్కాన్‌లో తెలుస్తుంది, చూస్తే.

ఈ శుక్రవారం పొద్దున తొమ్మిదికి ఫోను మోగింది. నాలుగు అంతస్తుల కింద స్కాన్లు చదివే కుర్ర డాక్టరు ఇగ్నాస్. ఇతనంటే గోడెలీవ్‌కు మరీ చిరాకు. ఒక్క వాక్యమూ చివరిదాకా చెప్పడు, నీళ్ళు నములుతాడు. పోయిన వారం ఇలాగే చేసి పావుగంట తినేశాడు. తీరా చూస్తే పుచ్చిపోయిన పన్ను.

“సిస్టర్ గారూ, ఆ ఓమెర్ గారి స్కాన్ ఉంది కదండీ... అంటే, ఖాయంగా అని కాదు గానీ... ఒక రకంగా చూస్తే...”

“ఖాయంగా లేనప్పుడు ఫోనెందుకయ్యా? తేలాక కాగితం మీద రాసి పంపు.”

పెట్టేసింది. మళ్ళీ మోగితే దాని మీద మడతపెట్టిన తువ్వాలు కప్పింది. తువ్వాలు కింద అది కాసేపు గొణిగి ఊరుకుంది.

కింద స్కాన్ ముగించుకుని పదింటికి ఓమెర్ పైకి వచ్చాడు. అరవై మూడేళ్ళు, కుర్చీలు చేసే మనిషి, వేళ్ళ సందుల్లో వార్నిష్ మరకలు. ఆరు వారాలుగా ఎడమ ముక్కు మూసుకుపోయి, తుమ్మినప్పుడల్లా నెత్తురు. గోడెలీవ్ ఆయన్ని కుర్చీలో కూర్చోబెట్టి, మందులో తడిపిన దూది ముక్కులో పెడుతూ, ఆయన నింపిన కాగితం చూసింది. ఆపరేషన్లు అన్న చోట ‘లేవు’ అని ఉంది.

“ఆపరేషన్లేమీ కాలేదా మీకు?”

“ముక్కుకేం కాలేదమ్మా.”

“ముక్కుకని కాదండీ, ఒంటికి.”

“ఒంటికా? ఓ కిడ్నీ తీసేశారు, ఏడేళ్ళయింది. ఏదో గడ్డ పుట్టిందన్నారు, కోసి అవతల పారేశారు. మీరిచ్చింది ముక్కు కాగితం కదాని ముక్కు సంగతే రాశా.”

“మీరు కూడా ప్రొఫెసర్ కావలసినవారే.”

“నాకెందుకమ్మా, చేతిలో పనుంది” అన్నాడు ఓమెర్. గోడెలీవ్‌కు నవ్వొచ్చింది. ఈ మనిషి ఆమెకు నచ్చాడు.

పదిన్నరకు వాన్ హులె నలుగురు విద్యార్థులను వెంటేసుకుని వచ్చాడు.

“ఎన్నేళ్ళ చెక్కపని, ఓమెర్ గారూ?”

“నలభై నాలుగు.”

“చాలు.” వెనక్కి తిరిగాడు. “విన్నారుగా? వయసు, చెక్క, ఒకే పక్క. ఇంకేం కావాలి?”

“ఆయనకు ఏడేళ్ళ కిందట కిడ్నీ తీశారు సార్, గడ్డ ఉందని” అంది గోడెలీవ్.

“నేను మెడ కింద చూడను, గోడెలీవ్.”

విద్యార్థులు నవ్వారు. నవ్వకపోతే మార్కులు రావు మరి. ఆయన కూర్చుని గొట్టం లోపలికి పంపాడు. తెర మీద గడ్డ కనిపించింది. పొట్టు వల్ల వచ్చేవాటిని గోడెలీవ్ వందలు చూసింది. అవి గరుగ్గా, పాలిపోయి ఉంటాయి. ఇది నున్నగా, నేరేడు పండు రంగులో ఉంది. పైగా కొట్టుకుంటోంది. ఓమెర్ గుండె ఒకసారి కొట్టుకుంటే అదీ ఒకసారి ఉబ్బుతోంది.

ఆమె కళ్ళు తువ్వాలు మీదికి పోయాయి. ఆ కుర్రాడు ఏం చెప్పబోయాడు? అడగనైనా అడగలేదే! తేలు కుట్టిన దొంగలా నోరు మూసుకుని నిలబడింది.

ప్రొఫెసర్ అరచెయ్యి పక్కకు చాచాడు.

గోడెలీవ్ అందులో ఏమీ పెట్టలేదు. చెయ్యి గాలిలో అలాగే ఉంది. వేళ్ళు రెండుసార్లు కదిలాయి.

“గోడెలీవ్.”

“ముందు స్కాన్ చూడండి సార్.”

“ఏంటి?”

“స్కాన్. చూశాక ఇస్తాను.”

“నీకు డాక్టరు పట్టా ఎప్పుడిచ్చారు? నాకు కబురందలేదే.”

“పట్టా లేదు సార్. అందుకే భయమేస్తోంది.”

విద్యార్థులు నేల చూపులు చూశారు. వాన్ హులె మెడ ఎర్రబడింది. గొట్టం బయటికి లాగి, లేచి, తనే వెతకడానికి సొరుగుల దగ్గరికి పోయాడు. మొదటి సొరుగు తెరిస్తే దూది. రెండోదాంట్లో చేతి తొడుగులు. మూడోదాంట్లో గోడెలీవ్ కాఫీలోకి దాచుకున్న స్పెక్యులాస్ బిస్కట్లు. ముప్పై ఒక్క ఏళ్ళ నుంచి రోజూ గిల్లుతున్న మనిషి, గిల్లే ఫోర్సెప్స్ ఎక్కడుంటాయో తెలియక తన గదిలోనే గుడ్డెద్దు చేలో పడ్డట్టు తిరుగుతున్నాడు. ఒక విద్యార్థిని దగ్గు నటించి నవ్వు మింగింది. ఐదో సొరుగులో దొరికాయి. వాటిని పట్టుకుని ఓమెర్ వైపు తిరిగాడు. గోడెలీవ్ కుర్చీకి అడ్డంగా నిలబడింది. పక్కకు నెడితే ఏం చెయ్యాలో ఆమెకు తెలియదు.

అప్పుడే తలుపు తోసుకుని ఇగ్నాస్ వచ్చాడు. నాలుగు అంతస్తులు మెట్లెక్కి రొప్పుతున్నాడు.

“ముట్టుకోకండి!”

అతను పూర్తిగా చెప్పిన వాక్యం గోడెలీవ్ వినడం అదే మొదలు. గదిలోని కంప్యూటర్లో స్కాన్ తెరిచి చూపించాడు. గడ్డ నిండా నల్లని వానపాముల్లాంటి గీతలు, అన్నీ జోరుగా పారే నెత్తురు నాళాలు. దవడ వెనక నాళం మామూలుకు రెండింతలు ఉబ్బింది. అంతేకాదు, కంటి పక్కనుంచి కూడా రెండు సన్న నాళాలు వచ్చి గడ్డలో దిగాయి. గిల్లి ఉంటే దూది కుక్కి ఆపే నెత్తురు కాదు అది.

ప్రొఫెసర్ ఒక నిమిషం చూశాడు. చేతిలోని ఫోర్సెప్స్‌ను, తుడవడానికే తీసినట్టు, మెల్లగా పళ్ళెంలో పెట్టాడు.

“నాకూ ఆ అనుమానం వచ్చింది. అందుకే తొందరపడలేదు. రాసుకోండి.”

నలుగురూ రాసుకున్నారు. ఏ ఎండకా గొడుగు పట్టడం ఎలాగో నేర్పే పాఠం ఇంతకంటే ఎక్కడ దొరుకుతుంది?

“అయినా ఇంత ముఖ్యమైన విషయం ముందే ఫోను చేసి చెప్పొద్దూ?” అని ఇగ్నాస్ మీద పడ్డాడు.

ఇగ్నాస్ ఫోను మీది తువ్వాలు చూశాడు. తర్వాత గోడెలీవ్‌ను చూశాడు.

“లైను... సరిగ్గా లేదు సార్.”

“లైను బాగు చేయించండి” అని వాన్ హులె విద్యార్థులతో సహా పక్క గదిలోకి పోయాడు. కుర్చీలో ఒక మనిషి ఉన్నాడని, ఆ మనిషికి ఒక్క మాటైనా చెప్పాలని ఆయనకు తోచలేదు.

ఓమెర్ ముక్కులోంచి దూది తీసేసి ఒళ్ళో పెట్టుకున్నాడు.

“ఏం బాబూ, ఆ కిడ్నీదేనా మళ్ళీ?”

ఇగ్నాస్ నోరు తెరిచాడు, మూశాడు. గోడెలీవ్ నాలుక చివర ఒక మాట సిద్ధంగా ఉంది. ఈసారి మింగేసి ఆగింది. చాలాసేపు ఆగవలసి వచ్చింది.

“అయ్యుండొచ్చండీ. అంటే... నాకు అలాగే అనిపిస్తోంది. కిడ్నీ క్యాన్సర్ ఏళ్ళ తర్వాత కూడా, ఇలా నెత్తురు నాళాలతో నిండి, ఎక్కడో తేలుతుంది ఒక్కోసారి. సోమవారం తొడలోంచి గొట్టం పంపి దవడ నాళం మూస్తాం. కంటి వైపువి ముట్టుకోం, వాటిని ఆపరేషన్లో కళ్ళారా చూసి కట్టాలి. ఆ తర్వాతే ముక్క తీస్తారు. అప్పుడు ఖాయంగా తెలుస్తుంది.”

“చెబితే అర్థమయ్యేట్టే చెప్పావు” అన్నాడు ఓమెర్. తర్వాత గోడెలీవ్ వైపు తిరిగాడు. “నీ వల్ల బతికానమ్మా. అంత పెద్దాయనకి అడ్డం నిలబడ్డావు. నేను మిగిలితే నీకో కుర్చీ చేసిస్తా, బీచ్ చెక్కతో.”

ఊరుకుంటే సరిపోయేది. ఇగ్నాస్ అబద్ధం చెప్పి కాపాడాడు, ఓమెర్ కుర్చీ చేసిస్తానంటున్నాడు. కానీ నీళ్ళు నమిలే ఆ కుర్రాడు తనను క్షమించడమా? ఆ క్షమ ఆమెకు ప్రొఫెసర్ తిట్టిన దానికంటే ఎక్కువ మండింది. దాని అడుగున సిగ్గు కూడా ఉంది. ఇంత సిగ్గు ఆమెకు ఎప్పుడూ వేయలేదు.

“లైను బాగానే ఉంది” అంది. “తొమ్మిదింటికే ఈయన ఫోను చేశాడు. సగంలో పెట్టేశాను. మళ్ళీ మోగితే తువ్వాలు కప్పాను. ఈయన చెప్పేదాంట్లో ఏముంటుందిలే అనుకున్నాను.”

ఓమెర్ తువ్వాలు చూశాడు. ఆయన ముఖంలో కోపం లేదు. ఉంటే బాగుండేది.

“అయితే తొమ్మిదింటికి ఈ అబ్బాయి చెబుతుంటే నువ్వు వినలేదు. పదిన్నరకు నువ్వు చెబుతుంటే ఆయన వినలేదు.” కోటు చేతిలోకి తీసుకున్నాడు. “ఆయనకీ నీకూ తేడా ఏముందమ్మా?”

కోటు తొడగడానికి గోడెలీవ్ సాయం చేయబోతే ఆయన తనే తొడుక్కుని, సోమవారం ఎన్నింటికి రావాలో ఇగ్నాస్‌ను అడిగాడు.