కాలువలో సభ

కొండల్లో మంచు కరగగానే మా ఊరి కాలువ నిండుగా పారుతుంది. కానీ ఆ నీళ్లు పై వీధి దాటి కింది వీధిలో ఉన్న మా దాకా వచ్చేవి కావు. పై వీధి వాళ్లు బంగాళాదుంపలకు, పశువుల గడ్డికి, చివరికి కార్లు కడుక్కోవడానికి కూడా తూములు తెరిచి పెట్టుకునేవాళ్లు. కింద మా ఆప్రికాట్ చెట్లు కాయల్ని పిందెలప్పుడే రాల్చేసేవి. మా వీధి మగవాళ్లలో చాలామంది రష్యాకు కూలికి పోయారు.

నీళ్ల వంతులు తేల్చే సభ ఏటా ఊరి పెద్ద తాష్‌తెమిర్ ఇంట్లోనే జరిగేది. మనిషి చెడ్డవాడేం కాదు. కాకపోతే ఇల్లు పై వీధిలో, చుట్టాలంతా పై వీధిలో. పొట్టేలును కోసి అందరికీ పెట్టేవాడు. మా వాళ్లు గుమ్మం పక్కన కూర్చుని తిని, దీవించి, నోరు విప్పకుండా వచ్చేసేవాళ్లు.

"పెట్టినవాడి ఇంట్లో కూర్చుని వాణ్ణెలా తప్పు పడతామే?" అనేవాడు మా ఆయన.

ఆడవాళ్లకు కొన్ని స్థానాలు ఇవ్వాలని చట్టం రావడంతో ఆ ఏడు మా వీధి జూరకాన్ అక్క ఊరి సభకు ఎన్నికైంది. బజారులో బట్టల కొట్టు నడిపి గొంతు పెంచుకున్న మనిషి.

"తమ్ముడూ, ఈసారి నీళ్ల వంతుల సభ మా వీధిలో పెడదాం," అంది ఊరి పెద్దతో, నలుగురి ముందే.

"అంతమంది పట్టే ఇల్లు మీ వీధిలో ఎక్కడుందక్కా?"

"ఇల్లెందుకు? కాలువుందిగా! పొడిగా ఉంది. నీ అతిథుల గది కంటే పొడుగు."

అందరూ నవ్వేశారు. తాష్‌తెమిర్ కాదనలేకపోయాడు.

ఎండిన కాలువలో కంబళ్లు పరిచాం. రొట్టెలు, టీ సర్దాం. పై వీధి వాళ్లు గట్టు మీద నుంచి ఒకరి చెయ్యి ఒకరు పట్టుకుని దిగారు. తాష్‌తెమిర్ తల్లి అయిమ్‌జాన్ పెద్దమ్మ కూడా వచ్చింది. తినేముందు ఆమె చేతులు చాపితే నేను కూజాలోంచి సన్నటి ధార పోశాను.

"ఇంకాస్త పొయ్యవే, పిసినారీ!"

"మీ వీధి నుంచి గాడిద మీద తెచ్చిన నీళ్లు పెద్దమ్మా. టీకి ఉండాలి కదా."

ముసలామె తడి చేతులు అలాగే పట్టుకుని కొడుకు వైపు తిరిగింది. "ఒరేయ్, వీళ్లకి నీళ్లే రావా?"

"అది కాదమ్మా, వంతుల ప్రకారం..."

"ఆ వంతులు వేసేది నువ్వే కదరా!"

తాష్‌తెమిర్ టోపీ తీసి మళ్లీ పెట్టుకున్నాడు. ఆ అదను చూసుకుని జూరకాన్ అక్క లేచింది. "ఈ ఏడు వంతు కింది నుంచి మొదలవ్వాలి. ముందు చిట్టచివరి తోట తడవాలి. తర్వాత దాని పైది. అలా పైకి."

"మరి మా వంతు ఎప్పటికొస్తుంది?" ఊరి పెద్ద మేనల్లుడు అరిచాడు.

"మా తోటలు ఎంత త్వరగా తడిస్తే అంత త్వరగా! దారిలో ఎవడూ తూము తెరవకుండా చూసుకో మరి."

అందరికంటే ముందు అయిమ్‌జాన్ పెద్దమ్మ చెయ్యెత్తింది. ఆమెను చూసి కొడుకు, కొడుకును చూసి చుట్టాలు.

ఆ వారమే పై వీధి కుర్రాళ్లు పారలు పట్టుకుని వచ్చి కాలువలో పూడిక తీశారు. దొంగతనంగా తూము తెరిచినవాణ్ణి వాళ్లే తిట్టి మూయించారు. నీళ్లు మట్టిరంగులో, చెత్తను తోసుకుంటూ మా తోటలోకి వస్తుంటే నేను చెప్పులు విడిచి అందులో నిలబడ్డాను. చలికి కాళ్లు కొంకర్లు పోయినా బయటికి రాబుద్ధి కాలేదు.

పై వీధి వాళ్లు పేదవాళ్లయిపోలేదు, మేము ధనవంతులం అయిపోలేదు. కానీ ఆ వేసవి మా ఇంటి కప్పు మీద నిండుగా ఆప్రికాట్లు ఎండాయి. అయిమ్‌జాన్ పెద్దమ్మ పొద్దున్నే మా ఇంటికొచ్చి, నాతోపాటు గింజలు తీస్తూ, మంచి పండ్లు నోట్లో వేసుకుంటూ, కొడుకు పాలన మీద తీర్పులు చెప్పేది.