పాలిష్ గదికి బోర్డు

మా ఫర్నిచర్ షెడ్డులో పాలిష్ గది ఉంది. తలుపు తీస్తే చాలు, థిన్నర్ వాసనకి కళ్లు మండుతాయి. అక్కడ ఒక్క నిప్పురవ్వ పడిందంటే షెడ్డంతా బుగ్గే. అందుకని లోపల ఫోన్లు వాడకూడదని ఇంగ్లీషులో బోర్డు పెట్టమన్నారు మేనేజరుగారు. మా దగ్గర బోర్డు ఎవరు రాస్తే దాన్ని అమలు చేయించాల్సిందీ వాళ్లే. సేఫ్టీ ఇన్‌చార్జి పోస్టు ఖాళీగా ఉంది కదా, నేనే రాస్తానన్నాను.

"ఆల్ ఆర్ ప్రొహిబిటెడ్ టు" వరకు రాసేసరికి వెనక దగ్గు వినపడింది. స్టోర్స్ చూసే బావ. చుట్టరికం ఏమీ లేదు, పిలుపు అలా అలవాటైపోయింది. ఆ పోస్టు మీద అతనికీ కన్నుంది.

"బావా, టు కాదు. ప్రొహిబిట్ తర్వాత ఫ్రమ్ పెట్టి, యూజింగ్ అనాలి. టు మీద అంత ప్రేముంటే ఫర్‌బిడెన్ అని రాసుకో."

"నువ్వు చెప్తే నేను వినాలా?"

"వినకు. నవ్వేది మేనేజరు, నాకేం."

గుండుసూది ఇవ్వడానికి కూడా సంతకం అడిగే మనిషి, ఊరికే ఇంగ్లీషు ఇస్తాడా? బయటికెళ్లి మా అమ్మాయికి ఫోన్ చేశాను.

"ఫ్రమ్మే నాన్నా. మామయ్య కరెక్టుగానే చెప్పాడు."

"కరెక్టుగా ఎందుకు చెప్పాడే?"

"తప్పు చెప్పినా బాధే, ఒప్పు చెప్పినా బాధే నీకు," అని పెట్టేసింది.

ఫ్రమ్ అనే రాసి తగిలించాను. అనుమానం మాత్రం పోలేదు. చూస్తే బావ స్టోర్స్ కిటికీ దగ్గర కుర్చీ వేసుకుని, పాలిష్ గది తలుపు వైపే చూస్తూ టీ తాగుతున్నాడు.

అంతలో మేనేజరుగారు వచ్చారు. చెవి దగ్గర ఫోను, ఎవరినో కేకలేస్తూ తిన్నగా పాలిష్ గది వైపే.

అప్పుడు వెలిగింది నాకు. రోజూ టీ వేళకి ఆయన ఇలాగే రౌండుకొస్తారు. ఆలోపు బోర్డు తలుపెక్కాలనే బావ ఊరికే ఇంగ్లీషు చెప్పింది. ఆపితే ఆయనకి కోపం, ఆపకపోతే నేను పోస్టుకి పనికిరానివాణ్ణి. ఎటైనా పోస్టు బావకే.

చెయ్యి అడ్డం పెట్టాను.

"సార్, ఫోను."

ఆయన నన్ను చూశారు, బోర్డు చదివారు. మాట్లాడుతున్నది ఆపేసి ఫోను నా చేతిలో పెట్టారు.

"ఇంగ్లీషు బాగానే ఉందే. ఎవరు చెప్పారు?"

నేనే అనాలని నోటిదాకా వచ్చింది. "స్టోర్స్ బావ, సార్."

"పిలువు."

బావ గ్లాసు పక్కన పడేసి వచ్చాడు, నవ్వు మొహంతో. గడప దగ్గరికొచ్చేసరికి అతని జేబులో ఫోను మోగింది.

"బావా," అన్నాను, "అది ఇలా ఇవ్వు."

అతను మేనేజరుగారి వైపు చూశాడు.

"నన్ను చూస్తావేంటయ్యా," అన్నారాయన, "ఇన్‌చార్జి అడుగుతున్నాడు కదా."