తొలి కట్ట

పటేల్‌గూడ దగ్గరి ఆ కాలనీలో పార్కుకని వదిలిన జాగా పదేళ్లూ చెత్తకుప్పగానే ఉండిపోయింది. నిహారిక, ఇంకో పదిమంది డిగ్రీ పిల్లలు కలిసి దాన్ని ఎత్తిపోసి, తవ్వి, ఆకుకూరల మడులు కట్టారు. కాలనీ సంఘం అధ్యక్షుడు రామలింగేశ్వరరావు రిటైరై ఐదేళ్లయినా ఇంకా ఫ్యాక్టరీ సైరను వినబడుతున్నట్టే నడిచే మనిషి. ఆయన ఒక్కటే షరతు పెట్టాడు.

"దసరా ముందు ఆదివారానికి ఇంటింటికీ ఒక కట్ట ఇవ్వాలి. లేదంటే అక్కడ షటిల్ కోర్టు వేయిస్తాను."

నిహారిక ఆ తోటమీద గంపెడాశ పెట్టుకుంది. నల్లా నీళ్లు చాలడం లేదని మూలనున్న పాత బోరుకు మోటారు బిగించింది. ఇక తోటకూర ఆగితే ఒట్టు, మోకాలెత్తు లేచింది.

గురువారం చూడ్డానికి నానమ్మ సత్తెమ్మ వచ్చింది. ఇది కాలనీ కాకముందు ఇక్కడే రెండెకరాల్లో వరి పండించిన మనిషి. ఆమె కూరను చూడనేలేదు. మడి గట్టున పేరుకున్న తెల్లటి పొరను గోటితో గీకింది. బోరు నీళ్లు నాలుకమీద వేసుకుని ఉమ్మేసింది.

"గివి అప్పట్ల మన పొలాన్ని ఖరాబు చేసిన ఫ్యాక్టరీ నీళ్లే బిడ్డా. తినే కూరకు పెట్టొద్దు."

నిహారిక నమ్మలేదు. నీళ్లూ, ఒక కూరకట్టా తీసుకెళ్లి ల్యాబులో పనిచేసే స్నేహితురాలు తనుశ్రీకి ఇచ్చింది. శనివారం సాయంత్రం తనుశ్రీ ఫోన్ చేసింది. "తినొద్దే. మీ నానమ్మ చెప్పిందే నిజం."

నిహారిక ఫోను పెట్టేసి నానమ్మ దగ్గరికి పరుగెత్తింది. తెల్లారితే ఆదివారం.

"ఒక్కపారి తింటే ఏమైతది నానమ్మా? జాగ మనకు దక్కినంక బోరు బంద్ చేస్త. ఎవ్వరికీ చెప్పకు," అని బతిమాలింది.

"నేను చెప్ప," అంది సత్తెమ్మ.

వాళ్లింట్లో ఒక పద్ధతుంది. కొత్త మడిలో తొలి కోత, విత్తనమిచ్చిన చేతికే పోవాలి. ఈ తోట విత్తనాలన్నీ సత్తెమ్మ కుండలోవే. ఆదివారం పొద్దున స్టీలు గిన్నె పట్టుకుని అందరికంటే ముందు ఆమే నిలబడింది. వెనక రామలింగేశ్వరరావు, ఆయన వెనక నలభై ఇళ్లవాళ్లు.

"పెట్టు బిడ్డా. ఇయ్యాల పప్పుల ఏసుకుంట."

అన్నదంటే వండుకు తినే రకమని నిహారికకు తెలుసు. కట్ట పట్టుకున్న చేయి గిన్నెదాకా వెళ్లి ఆగిపోయింది. భయంకన్నా సిగ్గు ఎక్కువేసింది. నానమ్మకు పెట్టలేనిది, వెనక పిల్లల్ని ఎత్తుకున్న ఆడవాళ్లకు ఎలా పెడదామనుకుంది?

"ఎవ్వరూ తినొద్దు," అంది గట్టిగా. బోరు సంగతి, ఫోను సంగతి, నిన్నటినుంచి తను దాచిన సంగతి, అన్నీ చెప్పేసింది.

రామలింగేశ్వరరావు ఖాళీ సంచీ మడుచుకున్నాడు. "చెప్పావు, మంచిదమ్మా. కానీ మాట మాటే." సోమవారం షటిల్ కోర్టుకు ముగ్గు పోశారు.

కూరంతా పీకి పూడ్చి వచ్చాక నిహారిక నానమ్మ ఒళ్లో తల పెట్టుకుని ఏడ్చింది.

"నేను పెడితే నిజంగనే తింటుంటివా?"

"తింటుంటి. గప్పుడు తెల్వక గా నీళ్ల వడ్లు రెండేండ్లు తిన్నం, మీ నాయినకు పెట్టినం," అంది సత్తెమ్మ. "తెలిసినోళ్లు మస్తుమంది ఉండిరి బిడ్డా. చెప్పినోడు ఒక్కడు లేకుండె."