పాతిక మీటర్ల గీత

తడి ఇంకు మెరుస్తుంది.

కలం ఎత్తాక కాసేపే. ఆ కాసేపూ గీత నల్లగా, కొద్దిగా ఉబ్బి, కిటికీ వెలుగును తన మీదకు లాక్కుంటుంది. తర్వాత ఆరిపోతుంది. ఆరాక దాన్ని కదపడం ఎవడి తరమూ కాదు.

ఇరవై రెండేళ్లుగా ఆమె ఆ మెరుపును చూస్తోంది.

చూసి చూసి దాన్ని అసహ్యించుకుంటోంది.

పటాలు గీసే ఆఫీసు మూడో అంతస్తులో. పొడుగాటి గది, ఒకే వైపు కిటికీలు, ఆరు వాలు బల్లలు. ఆమెది చివరి బల్ల. నదులు ఒకరు గీస్తారు, రోడ్లు ఒకరు. ఆమె సరిహద్దులు గీస్తుంది. అందులోనూ తగాదా సరిహద్దులు. రెండు దేశాలు కొట్టుకుంటున్న చోట నిండు గీత వేయకూడదు. చిన్న ముక్క — ఖాళీ — చిన్న ముక్క — ఖాళీ. ఆ పని ఆమె అంత శుభ్రంగా చేసేవాళ్లు లేరు. అందుకే గదిలో అందరికీ ఆమె చుక్కలమ్మ.

ఎడారిలో ఒక చుక్కల గీత. మంచుకొండ నెత్తిన ఒకటి. నడిసముద్రంలో, నలుగురు నిలబడడానికి చోటులేని ఒక రాయి చుట్టూ ఒకటి. ఆ రాయికి రెండు పేర్లు. వీళ్లకు అమ్మే పటంలో వీళ్ల పేరు పైన. వాళ్లకు అమ్మే పటంలో వాళ్ల పేరు పైన. మూడోవాళ్లకు అమ్మితే రెండూ పక్కపక్కనే, ఒకే సైజు అక్షరాల్లో.

యజమాని దీన్ని మర్యాద అంటాడు.

గోడ మీద పిల్లివాటం అని ఆమె అంటుంది... లోలోపల.

ఒకే కొండకు మూడు పటాలు. ఒకే గదిలో. ఒకే సీసాలోని ఇంకుతో.

ఒక పటంలో రెండు కొండలు, వాటి మధ్య ఒక వాగు. వాగు గట్టున చీమ తలంత చదరాలు రెండు. ఒకటి ఆమె అక్క ఇల్లు. రెండోది పాలవ్వది. పాలవ్వ ఏ బంధువూ కాదు. రెండు గేదెలున్న పక్కింటి మనిషి. తల్లి పోయాక ఈ అక్కచెల్లెళ్లిద్దరికీ ఆమె గేదెల పాలే కడుపు నింపాయి.

ఇరవై రెండేళ్లుగా ఆమె ఎవరికీ చెప్పకుండా ఒక పని చేస్తోంది.

గీత కొండ దిగుతుండగానే ముక్కలు లెక్కపెట్టుకుంటుంది. ఒకటి వెంట్రుకవాసి పొడుగు. ఒకటి వెంట్రుకవాసి పొట్టి. వాగు దగ్గరికి వచ్చేసరికి, సరిగ్గా ఆ రెండు చదరాలున్న చోట, ఖాళీ.

ప్రతి పటంలోనూ. ప్రతి ముద్రణలోనూ.

లోకమంతా కొట్టుకు చావనీ... ఆ రెండిళ్లూ ఖాళీలో ఉన్నాయి. ఎవరివీ కాకుండా, నిక్షేపంగా.

ఈ సంగతి అక్కకు తెలియదు. అక్క తొమ్మిదేళ్లుగా సరిగ్గా మాట్లాడటం లేదు. మా నేల మీద గీతలు గీసేవాళ్ల కూడు తింటున్నావు అని ఒకసారి అంది. మళ్లీ ఆ మాట వెనక్కి తీసుకోలేదు.

ఒకరోజు పొద్దున పదకొండు గంటలకు అధికారి వచ్చాడు.

ముందు బూట్ల చప్పుడు, వెనకాల మనిషి. వస్తూనే చేతిలోని టీ గ్లాసు ఆమె బల్ల మీద, ఆ రెండు కొండల పటం మీదే పెట్టాడు. ఆమె గ్లాసు తీసి కిటికీ గట్టు మీద పెట్టింది. అతను ఆమెను అప్పుడు చూశాడు, మొదటిసారి.

"ఈ చుక్కలు కలిపెయ్యండి," అన్నాడు. "కంచె వెయ్యాలి. మావాళ్లు ఈ పటం చూసే గుంజలు పాతుతారు. నాలుగింటికల్లా దీని మీద సర్కారు ముద్ర పడాలి."

"అదెంతసేపు సార్! ఖాళీలు పూడ్చడమే కదా," అన్నాడు యజమాని. నవ్వాడు కూడా. ఆ నవ్వుకు ఆమెకు ఒళ్లు మండిపోయింది.

"సార్, నా గీత మందం అర మిల్లీమీటరు," అంది. "ఈ పటం కొలతలో అది నేల మీద పాతిక మీటర్లు. దాని కింద ఇళ్లున్నాయి."

"ఉంటే ఖాళీ చేయిస్తాం. కంచెకి ఆ మాత్రం చోటు కావాలి కదమ్మా."

అమ్మా అన్నాడు. ఆ పిలుపు కళ్లలో కారం కొట్టినట్టుంది.

మధ్యాహ్నం మెట్ల మీద నిలబడి అక్కకు ఫోను చేసింది. ఉన్నదున్నట్టు చెప్పింది.

"గియ్యనని చెప్పు," అంది అక్క.

"నేను కాకపోతే పక్క బల్లవాడు గీస్తాడే అక్కా."

"అయితే వాడినే గియ్యనీ. వాడి మీదైతే కోపం తెచ్చుకోవడం నాకు తేలిక."

అక్క ఫోను పెట్టేసింది.

ఆమె బల్ల దగ్గరికి వచ్చింది. పక్క బల్లవాడి వంక చూసింది. వాడైతే కొండ నుంచి వాగు దాకా స్కేలు పెట్టి ఒక్క లాగు లాగుతాడు. అక్క ఇంటి నట్టనడుమ నుంచి.

భూతద్దం పెట్టుకుంది. రెండు చదరాల మధ్య దూరం కొలిచింది. ముప్ఫై మీటర్లు. గీత పాతిక. అటు రెండున్నర, ఇటు రెండున్నర... పడుతుంది. ఊపిరి బిగబట్టి గీస్తే పడుతుంది. ఇరవై రెండేళ్ల చేయి అది.

కలం దించింది. కొండ దిగింది. మొదటి ఖాళీ పూడింది. రెండోది. పదోది. ప్రతి ఖాళీ దగ్గరా ఎవరో ఒకరు బతుకుతూ ఉంటారని ఆమెకు అప్పుడే తట్టింది. ఇన్నేళ్లూ రెండు చదరాలే చూసుకుంది.

వాగు.

చేయి కదిలింది. వెంట్రుకవాసి. గీత అంచు అక్క ఇంటిని తాకింది.

బ్లేడు తీసింది. ట్రేసింగ్ కాగితం మీద ఇంకును బ్లేడుతోనే తీయాలి — మెల్లగా, పొర పొరగా. గీకింది. రెండు చదరాల నడుమ చోటంతా తెల్లబడింది, గరుకుబడింది. గీకిన చోట వెంటనే గీయకూడదు. గోటితో రుద్ది నున్నగా చేసి, ఒక పూట ఆగాలి. కొత్తగా పనిలో చేరినవాళ్లకు ఆ మాట చెప్పేదే ఆమె.

గోడ మీద గడియారంలో నాలుగుకు ఇంకా పది నిమిషాలు.

గీసింది.

ఈసారి చేయి కదలలేదు. అక్క ఇంటికి దూరంగా, ఆ తెల్లటి సందులోంచి గీత శుభ్రంగా దిగింది. తడిగా మెరిసింది.

మెరుస్తూ... పాకింది.

గరుకు కాగితం ఇంకును తాగింది. గీత ఒక పక్కకు ఉబ్బింది. మెల్లగా, ఆమె కళ్ల ముందే, రెండో చదరం మీదకు ఎక్కింది. దాన్ని మింగింది. ఆరింది.

మళ్లీ గీకితే కాగితం చిరుగుతుంది. గుమ్మం బయట బూట్ల చప్పుడు.

పాలవ్వ ఇల్లు పోయింది. అది చూస్తూ ఆమె మనసులో ముందుగా అనుకున్న మాట — హమ్మయ్య, అక్క ఇల్లు తప్పింది.

ఆ హమ్మయ్యను ఆమె తనకు తాను ఇవాళ్టికీ క్షమించుకోలేదు.

ముద్ర పడింది.

తొమ్మిదో రోజున అక్కే ఫోను చేసింది. పలకరింపు లేదు.

"గుంజలు పాతారు. పాలవ్వ ఇల్లు పడగొట్టారు. గేదెలు కంచెకి అవతలుండిపోయాయి. అవి అరుస్తుంటే ఈవిడ ఇక్కడ చెవులు మూసుకుని కూర్చుంది."

ఆమె ఫోను చెవికి అదుముకుని మెట్ల మీదకు వచ్చింది.

"గీత మనింటి దగ్గర వంకర తిరిగిందట. పాతేవాళ్లు నవ్వుకుంటున్నారు — ఈ గీసినోళ్లకి ఇక్కడ చుట్టాలున్నట్టున్నారని. అవ్వ విన్నది. నా వంక చూసింది."

"అక్కా... రెండిళ్లూ తప్పిద్దామనే..."

"నన్ను తప్పించమని నిన్ను అడిగానా?"

వాగు చప్పుడు వినిపించింది ఫోనులో. లేదా అది అవ్వ ఏడుపు. తర్వాత ఏమీ వినిపించలేదు.

ఆమె తిరిగి వచ్చేసరికి బల్ల మీద కొత్త ట్రేసింగ్ కాగితం పరచి ఉంది. పక్కన యజమాని, సంతోషంగా చేతులు రుద్దుకుంటూ.

"అవతలి దేశంవాళ్ల నుంచీ ఆర్డరొచ్చింది చుక్కలమ్మా. మనవాళ్ల పటం చూసి వాళ్లకీ నిండు గీతే కావాలట. వాళ్లూ కంచె వేస్తారట. సాయంత్రానికల్లా ఇచ్చెయ్యండి."

వాళ్ల గీత వాగుకు ఇటు పక్కన. స్కేలు పెట్టి లాగితే అక్క ఇంటి మీదే పడుతుంది. కాస్త జరిపితే అవతల, నిన్నటిదాకా ఆమె కన్నైనా పడని చదరాలు మూడున్నాయి. వాటిలో ఒకదాని పక్కన బావి గుర్తు. ఒకటి బడి.

భూతద్దం కింద అన్నీ ఒకటే సైజు.

పక్క బల్లవాడు తల తిప్పి చూశాడు. "నన్ను గియ్యమంటారా?" అన్నాడు. మంచివాడే పాపం.

ఆమె తన బల్ల మీదకు వంగింది. కలాన్ని సీసాలో ముంచింది. కొండ మొదట్లో పెట్టింది. వాగు దాకా దించింది.

అక్కడ ఆగింది.

కిటికీ వెలుగు బల్ల మీదకు వచ్చింది. కలం పాళీ చివర ఒక చుక్క ఉబ్బుతోంది. రాలడం లేదు... రాలకుండా ఉండటం లేదు.

తడి ఇంకు మెరుస్తోంది.