రెక్కలు ఊపిన తర్వాత

విమానాల వాళ్లు వస్తున్నారని మా మేనకోడలు ముందురోజే చెప్పింది. నేను కొట్టు కట్టేసి పోతానని అనుమానం కాబోలు, బయటి తలుపు తాళంచెవి తన సంచిలో వేసుకుంది. తాళాలు బాగుచేసే నా దగ్గరే చెవి దాచిందంటే దాని తెలివి ఏపాటిదో చూడండి.

ఇద్దరొచ్చారు. ఒకడు కుర్ర ఆఫీసరు, చంకలో కాగితాల కట్ట. రెండో మనిషి నా ఈడువాడే, చేతిలో కర్ర. అప్పట్లో మా ఊరికి పిండి తెచ్చిన పైలట్ ఈయనేనని కుర్రవాడు చెప్పాడు. నేను ఆకురాయితో తాళంచెవి పళ్లు అరగదీస్తూనే ఉన్నాను. కూర్చోమనలేదు. కొట్టులో ఉన్నది ఒకటే స్టూలు, దాని మీద నేనున్నాను.

"మా రవాణా దళం చరిత్ర పుస్తకం వేస్తున్నామండీ" అన్నాడు కుర్రవాడు. "ఫిరంగులు మోశాం, కంచరగాడిదలు మోశాం, ఆసుపత్రులకు ఆసుపత్రులే మోశాం. అన్నిట్లోకీ పెద్ద అధ్యాయం మీ ఊరిదే. మీ నోటితో నాలుగు మాటలు, ఒక ఫోటో ఇస్తే చాలు."

"ముందు మీరేం రాశారో చదువు" అంది మా మేనకోడలు.

చదివాడు. యుద్ధంలో దారులన్నీ మూసుకుపోయిన ఊరు, దిగే చోటు లేక పైనుంచే వదిలిన పిండి బస్తాలు, మా కొండలకు కొట్టుకుని కాలిపోయిన రెండు విమానాలు. అంతా నిజమే. చివర్న ఒక ముక్క ఉంది: నేల మీద ఒక్కరికీ దెబ్బ తగల్లేదు.

నా చేతిలో ఆకురాయి ఆగింది.

"అయితే మా అమ్మ తుమ్మి చచ్చిందా?" అంది మా మేనకోడలు.

మా అక్క సంగతి అది. పారాచూట్ గొడుగులు దొరక్క బస్తాల్ని ఊరికే తోసేసేవాళ్లు. పగిలినా పిండి పోకుండా సంచిలో సంచి పెట్టి కుట్టేవాళ్లు. విమానం మైదానం మీద నాలుగు చుట్లు తిరిగి, పని అయిపోయిందని రెక్కలు ఊపి వెళ్లేది. ఊపేదాకా ఎవరూ మైదానంలోకి పోకూడదు. ఆ రోజు ఊపింది. మా అక్క ఏడాదిన్నర పిల్లను నా చేతికిచ్చి పరుగెత్తింది. వెళ్లాల్సిన విమానం వెనక్కి తిరిగింది.

అక్క పేరు ఆ పుస్తకంలో ఎక్కాలి. నాకు కావలసింది అంతే. అది లేకుండా నా మాటా లేదు, ఫోటో లేదు. ఆ సంగతే చెప్పాను.

కుర్రవాడు ముసలాయన వైపు చూశాడు. ఆయన కర్ర నేలకేసి కొట్టాడు.

"మా పిండి తిని ఊరు ఊరంతా బతికింది. ఇప్పుడు తిన్నింటి వాసాలు లెక్కపెడుతున్నారు! నా పక్క సీట్లో కూర్చునేవాడు మీ కొండల్లో బొగ్గయ్యాడు. ఎందుకు? మీకు రొట్టె తేవడానికి."

"పిండి నెత్తిన వేయమని మా అమ్మ అడిగిందా?"

"నీతో కాదమ్మా నేను మాట్లాడేది. ఏం పెద్దాయనా, మా పిండి తిన్నావా లేదా?"

మామూలుగా నేను నాలుగు మాటలు దాటను. ఆ రోజు దాటాను.

"తిన్నాను. మా అక్క మీద నుంచి బస్తా లాగింది నేనే. పైసంచి నెత్తురుతో తడిసింది. లోపలిది తడవలేదు. ఆ పిండే ఉడకబెట్టుకుని తిన్నాను. మరి నువ్వెందుకు వెనక్కి తిరిగావు? రెక్కలు ఊపావుగా."

మా మేనకోడలు నా మొహంలోకి చూస్తోంది. ఈ పిండి సంగతి దానికెప్పుడూ చెప్పలేదు.

పైలట్ కర్ర మీద రెండు చేతులూ ఆనించాడు. "అన్నీ పడ్డాయనుకుని ఊపాను. చూస్తే బస్తాల చివరి వరస తలుపులో ఇరుక్కుంది. తోక బరువైపోయింది. ముక్కు పైకి లేస్తోంది. ఇంకాసేపుంటే రాయిలా పడేవాళ్లం. కింద ఇళ్లు. మైదానం ఒక్కటే ఖాళీ."

"ఖాళీయా?"

"కాదు. మనుషులు పరుగెత్తడం చూశాను. ఇళ్లల్లో ఎక్కువమంది ఉంటారనుకున్నాను. తోయమన్నాను. మళ్లీ అలాగే వస్తే మళ్లీ తోయమనే అంటాను. నీకు కోపమొస్తే రానీ."

"వచ్చే ఉంది" అన్నాను. "ఇప్పుడు చెప్పావే, అదే రాయించు."

"సార్, పైవాళ్లు ఒప్పుకోరు" అన్నాడు కుర్రవాడు. "దళానికి మచ్చ..."

"నువ్వు పుట్టకముందు దళం నాది. రాయి. ఒప్పుకోకపోతే నా పేరు కొట్టెయ్, నా ఫోటో తీసెయ్. నేను లేని చరిత్ర వాళ్లే అచ్చేసుకోనీ." నా వైపు తిరిగాడు. "మీ అక్క పేరేంటి?"

చెప్పాను. కుర్రవాడు రాసుకున్నాడు. ముసలాయన కాగితం లాక్కుని చదివి, కింద సంతకం గీకాడు. క్షమించమని అనలేదు. అని ఉంటే ఆకురాయి విసిరేవాణ్ని. ఆయన మీద నాకు జాలి కలగలేదు, ఇప్పటికీ లేదు. మెట్టు దిగేటప్పుడు తూలితే పట్టుకోలేదు. కుర్రవాడే పట్టుకున్నాడు.

వాళ్ల జీపు సందు మలుపు తిరిగాక మా మేనకోడలు వచ్చి బల్లకు ఆనుకుని నిలబడింది. యాభై దాటిన మనిషి. నోటికి జడిసి బేరగాళ్లు దాని దగ్గర ధర తగ్గించమని అడగరు. గొంతు ఎప్పుడూ లేనంత చిన్నగా ఉంది.

"మామయ్యా, ఆ పిండి నాకూ పెట్టావా?"

"పెట్టాను."

"తిన్నానా?"

అబద్ధం చెప్పొచ్చు. ఆ ముసలాడే చెప్పలేదు, నేనెందుకు చెప్పాలి?

"తిన్నావు. ఇంకా పెట్టమని ఏడ్చావు."